మట్టి రిపోర్టులోని ‘ఇ’ విలువ గారికి బహిరంగ లేఖ

అయ్యా ‘ఇ’ గారూ,

సాయిల్ రిపోర్టు చివరి పట్టికలో ‘12,500 కిలోపాస్కల్స్’ అంటూ దర్జాగా కూర్చున్న తమరికి నమస్కారాలు. తమరంటే నేల బిర్రు (ఎలాస్టిక్ మాడ్యులస్): తమరు పెద్దవారైతే పునాది తక్కువ కుంగుతుంది. తమరి పుట్టుపూర్వోత్తరాలు ఎవరూ అడగరు కాబట్టి మేమే చెబుతాం.

తమరు పుట్టేది బోరులో చేసే ఎస్‌పీటీ పరీక్షలో. గొట్టాన్ని నేలలోకి దించడానికి 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదలాలి. మొదటి 15 సెంటీమీటర్ల లోతుకు పడ్డ దెబ్బలు లెక్కలోకి రావు, తర్వాతి 30కి పడ్డవే ఎన్. ఐఎస్ 2131 అనే భారతీయ ప్రమాణం చెప్పేది ఇదే. మధ్యాహ్నం దాటాక తాడు లాగేవాళ్ల చేతులు పడిపోయి, సుత్తి 60 దగ్గరే జారుతుంది. అంతే లోతు దిగడానికి దెబ్బలు ఎక్కువ కావాలి. అంటే, మనుషులు అలిసేకొద్దీ నేల గట్టిపడుతుంది! నీటిమట్టం కింద ఇసుకలో, బోరు నిండా నీళ్లు ఉంచకపోతే తమాషా తిరగబడుతుంది: అడుగున ఇసుక ఉబికి ఎన్ పడిపోతుంది.

ఎన్ 10 వచ్చిందనుకుందాం. దాని నుంచి తమరిని తీసే సూత్రం మట్టిని బట్టి మారుతుంది. ఇసుక అన్నారా, 500(ఎన్+15), తమరు 12,500. బంకమట్టి కలిసిన ఇసుక అన్నారా, 320(ఎన్+15), తమరు 8,000. సిల్ట్ (ఇసుక కన్నా సన్నని ఒండ్రు) అన్నారా, 300(ఎన్+6), తమరు 4,800. దెబ్బలు మాత్రం అవే పది. ఏ ఎండకా గొడుగు పట్టడంలో తమరిని మించినవారు లేరు.

2 మీటర్ల చదరపు ఫుటింగు (కాలమ్ కింది పునాది), 150 కిలోపాస్కల్స్ ఒత్తిడి, పాయిసాన్ నిష్పత్తి (నొక్కితే మట్టి పక్కలకు ఉబ్బే వంతు) 0.3, గట్టి ఫుటింగుకు 0.82 గుణకం వేసి చూస్తే కుంగుబాటు వరుసగా 18, 28, 47 మిల్లీమీటర్లు. ఇసుక మీద విడి ఫుటింగులకు పునాదుల కోడ్ ఐఎస్ 1904 ఇచ్చే హద్దు 50. మూడూ పాస్!

కాంక్రీటు ఫ్రేములో పక్కపక్క కాలమ్‌ల కుంగుబాటులో తేడాకు మాత్రం అదే కోడ్ వాటి మధ్య దూరంలో 0.0015 వంతే ఇస్తుంది. 4 మీటర్లకు 6 మిల్లీమీటర్లు. ఒక కాలమ్ కింద ఇసుక, పక్కదాని కింద సిల్ట్ ఉంటే తేడా 29. గోడలో ఏటవాలు పగుళ్లు తేలతాయి, తిట్లు సిమెంటుకు పడతాయి, తమరి పేరు ఎక్కడా రాదు.

కొందరు తమరిని షియర్ వేవ్ (నేలను అడ్డంగా ఊపుతూ సాగే తరంగం) వేగం నుంచి తీస్తారు. సెకనుకు 200 మీటర్లయితే తమరు దాదాపు 1,87,000; ఫుటింగు 1.2 మిల్లీమీటర్లే కుంగుతుంది. అది నేల చెక్కుచెదరనప్పటి బిర్రు. బరువు పడి ఒత్తుకున్నాక ఆ బిర్రు ఉండదు. ఇక కృష్ణా, గోదావరి డెల్టాల మెత్తటి బంకమట్టిలో ఏళ్ల తరబడి నీరు పిండుకుంటూ దిగే భాగం తమరి జోలికే రాదు. దానికి మట్టి నమూనాను ల్యాబులో నెమ్మదిగా నొక్కి చూసే ఎడోమీటరు పరీక్షే శరణ్యం.

వచ్చే రిపోర్టులో ఒక్కరే రాకండి. వాడిన సూత్రం, ఎన్‌కు చేసిన సవరణలు, ఫుటింగు వెడల్పుకు రెండింతల లోతు దాకా ప్రతి పొర విలువ, కనిష్ఠం, గరిష్ఠం వెంటబెట్టుకు రండి.

ఇట్లు,
మీ మీదే భారం వేసినవాళ్లం