యెరూషలేములో ‘సూదిబెజ్జం గుమ్మం’ ఎక్కడుంది?

ధనవంతుడు దేవుని రాజ్యంలో ప్రవేశించడం కంటే ఒంటె సూదిబెజ్జంలో దూరడం సులభం అన్నాడు యేసు (మత్తయి 19:24). ఆ మాటకు వివరణగా ఏళ్ల తరబడి వాట్సాప్‌లో తిరుగుతున్న మెసేజ్ ఇది, ప్రసంగాల్లోనూ వినే ఉంటారు. యెరూషలేము కోటగోడకు ‘సూదిబెజ్జం’ అనే చిన్న గుమ్మం ఉండేదట, రాత్రి పెద్ద తలుపులు మూశాక వచ్చిన వర్తకుడు ఒంటె మీది మూటలన్నీ దించి, దాన్ని మోకాళ్ల మీద లోపలికి తెచ్చేవాడట, కాబట్టి ధనవంతుడు కూడా కాస్త బరువు దించుకుని వంగితే పరలోకం చేరొచ్చట. వినడానికి బాగానే ఉంది, ఆధారమే లేదు.

ముందు పేరు సంగతి. బైబిల్లో నెహెమ్యా 3వ అధ్యాయం చదవండి, యెరూషలేము గోడలో ఏ ముక్క ఎవరు బాగుచేశారో వరసగా ఉంటుంది. గొఱ్ఱెల గుమ్మము, మత్స్యపు గుమ్మము, నీటి గుమ్మము, గుఱ్ఱపు గుమ్మము, ఆఖరికి పెంటగుమ్మము కూడా వదల్లేదు. సూదిబెజ్జం మాత్రం లేదు. అది యేసుకు నాలుగు వందల ఏళ్లకు పైగా ముందు మాట కదా అంటారా? సరే, క్రీ.శ. 70లో రోమన్లు ఆ ఊరిని కూల్చినప్పుడు అక్కడే ఉన్న యూదు చరిత్రకారుడు జోసీఫస్‌ను అడగండి. మొదటి గోడకు 60 బురుజులు, మధ్యదానికి 14, మూడోదానికి 90 అని లెక్కగట్టి రాసిన మనిషి ఆయన. ఆయన కూడా ఈ గుమ్మం ఊసే ఎత్తలేదు, తవ్వకాల్లోనూ అలాంటి పేరున్నదేదీ బయటపడలేదు.

“ఫోటో ఉంది కదా!” ఉంది. పెద్ద తలుపులో చిన్న తలుపు, మన కోటల్లోనూ ఉండే దిడ్డి తలుపు లాంటిదే. కానీ ఇప్పుడు మనం చూసే పాతనగరం గోడలు ఒట్టోమన్ సుల్తాను సులేమాన్ 1537-1541 మధ్య కట్టించినవి, అంటే యేసు తర్వాత దాదాపు 1500 ఏళ్లకు. గుమ్మం కథేమో 13వ శతాబ్దంలో క్రైస్తవ పండితుడు థామస్ అక్వినాస్ కూర్చిన సువార్త వ్యాఖ్యానాల్లో కనిపిస్తుంది, ఆయన యూరప్‌లో కూర్చుని రాసినవాడు.

అసలు ఇవన్నీ పక్కన పెట్టి మత్తయి 19 చదివినా చాలు. ఒంటె దూరే దారి నిజంగా ఉండి ఉంటే, ఆ మాట విని శిష్యులు “ఆలాగైతే ఎవడు రక్షణ పొందగలడు?” అని ఎందుకు బెంబేలెత్తుతారు? యేసు కూడా “బరువు దించితే సరిపోతుంది” అనలేదు, మనుష్యులకు అసాధ్యమే అన్నాడు! దోమను వడగట్టి ఒంటెను మింగేవాళ్లని పరిసయ్యుల్ని (నియమనిష్ఠల యూదు మతవర్గం) దెప్పినవాడూ ఆయనే (మత్తయి 23), అక్కడ ఏ వంటపాత్రకో ‘ఒంటె’ అని పేరుందని ఎవరూ అనరే. యూదుల మతగ్రంథమైన తల్మూదులోనైతే ఏకంగా ఏనుగే సూదిబెజ్జంలోంచి దూరుతుంది, కుదరని పనికి ఉదాహరణగా.

కోటల మాటతో ధనవంతుడి గురించే చెప్పాలనుకుంటే బైబిల్లో అసలైన వచనం ఉండనే ఉంది, సామెతలు 18:11: ధనవంతుడికి తన ఆస్తి ఆశ్రయపట్టణం, “వాని దృష్టికి” అది ఎత్తయిన ప్రాకారం. దానికి పై వచనంలోనే యెహోవా నామం బలమైన దుర్గం అని ఉంది. ప్రసంగం చేసేవాళ్లకు ఈ రెండు వచనాలూ పక్కపక్కనే దొరుకుతుంటే లేని గుమ్మం ఎందుకు కట్టడం?