బైనరీ అనుక్రమాలు ఉత్త కాలక్షేపమా?

తెగ షేర్ అవుతున్న వాదన ఇది: "బైనరీలో 1లు లెక్కపెట్టి తయారుచేసే అనుక్రమాలు సంఖ్యల గురించి ఏమీ చెప్పవు. ఆధారం 2 తీసి 10 పెడితే ఆ నమూనాలన్నీ మాయం. మిగిలింది కంప్యూటర్ చిటికెలో తేల్చేస్తుంది, నిరూపించడానికేముంది?"

(బైనరీ అంటే 0, 1 అనే రెండు అంకెలతోనే సంఖ్యలు రాయడం, అంటే ఆధారం 2. మనం మామూలుగా రాసేది ఆధారం 10లో.) ముందు ఆ మాయమయ్యే సంగతి చూద్దాం. 0 నుంచి 7 దాకా సంఖ్యల్లో, బైనరీలో రాస్తే 1లు సరిసంఖ్యలో వచ్చేవి 0, 3, 5, 6. బేసిసంఖ్యలో వచ్చేవి 1, 2, 4, 7. (ఇంగ్లీషులో వీటికి ఈవిల్, ఓడియస్ అని పేర్లు. ఈవెన్, ఆడ్‌ల మీద శ్లేష.) రెండు జట్లనూ కూడండి, ఏది కూడినా 14. వర్గాలు కూడితే రెండూ 70. కాకతాళీయం అంటారా? 15 దాకా వెళ్లి మళ్లీ జట్లు కట్టండి. మొత్తాలు 60, వర్గాలు 620, ఈసారి ఘనాలు కూడా 7200 దగ్గర కలుస్తాయి. ఇలా రెట్టింపు చేసిన ప్రతిసారీ ఇంకో ఘాతం వచ్చి చేరుతుంది. ఫ్రెంచ్ గణితవేత్త ప్రూహే 1851లోనే ఈ దారి పట్టాడు. జట్లు విడదీయడానికి బైనరీ వాడాం, నిజమే. కానీ 70 ఏ ఆధారంలో రాసినా 70 విలువే కదా!

ఇంకొకటి. 10 ఫాక్టోరియల్‌ను (1 నుంచి 10 దాకా సంఖ్యలన్నీ గుణిస్తే వచ్చేదాన్ని) 2తో ఎన్నిసార్లు భాగించవచ్చు? 10 అంటే బైనరీలో 1010, అందులో 1లు రెండు. 10లోంచి 2 తీసేస్తే 8. కావాలంటే 3628800ను సగం చేస్తూ పోండి. సరిగ్గా ఎనిమిదోసారికి 14175 దగ్గర ఆగుతారు. ఈ సూత్రం ఏ సంఖ్యకైనా పనిచేస్తుంది.

అయితే ఆ వాదనలో కొంత నిజం లేకపోలేదు. బైనరీలో ఎటు నుంచి చదివినా ఒకేలా ఉండే సంఖ్యల జాబితా లాంటివి చాలావరకు రాతతో ఆడే ఆటలే. వాటిని చూపించి అన్నిటినీ ఒకే గాటన కట్టడమే తప్పు.

ఇక కంప్యూటర్ సంగతి. బైనరీలో రాస్తే అన్నీ 1లే ఉండే సంఖ్యలు తీసుకోండి. 1ల లెక్క 2, 3, 5, 7 అయితే వచ్చేవి 3, 7, 31, 127. అన్నీ ప్రధాన సంఖ్యలే. 1ల లెక్క ప్రధాన సంఖ్యయితే చాలని ఇక్కడే తీర్మానించేస్తే, పదకొండు 1లతో వచ్చే 2047 దగ్గర బోల్తా పడతాం. అది 23 × 89.

మరి ప్రధాన సంఖ్యల్లో 1లు సరిసంఖ్యలో ఉన్నవీ బేసిసంఖ్యలో ఉన్నవీ చెరిసగమేనా? కోట్ల సంఖ్యలు లెక్కపెట్టించినా కంప్యూటర్ "దాదాపు సగం" అని మాత్రమే చూపిస్తుంది. ఆ పైన ఉన్న అనంతం సంగతి దానికి తెలీదు. గణితవేత్త గెల్ఫాండ్ 1968లో ఇలాంటి ప్రశ్న వేశాడు. ఆ వాటా చెరిసగం వైపే వెళ్తుందని మోడ్యూయి, రివా అనే గణితవేత్తలిద్దరూ కలిసి చేసిన నిరూపణ అచ్చయింది 2010లో.