పడక్కుర్చీ గారికి అరగంట సెలవు దరఖాస్తు

మహారాజశ్రీ పడక్కుర్చీ గారి దివ్యసముఖమునకు, నెల్లూరు సంతపేట వాస్తవ్యుడు, రెవెన్యూ శాఖలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేసిన మీ ఆశ్రితుడు వ్రాసుకొను విన్నపము.

ఉద్యోగంలో ఉండగా ఏ తహసీల్దారుకూ చేయనంత సేవ ఈ ఆరేళ్లలో మీకు చేశాను. మీ ఎడమ చేతి మీద కాఫీ గ్లాసు వేసిన గుండ్రటి మరక, మీ పేము అల్లికలో నా నడుము మేరకు దిగిన గుంట అందుకు సాక్ష్యాలు. మూడో సాక్ష్యం నా ఒంటి మీదే ఉంది: సాయంత్రానికి చీలమండ పైన బొటనవేలితో నొక్కితే పడే సొట్ట, ఇరవై లెక్కపెట్టినా పూడదు.

రెండేళ్ల క్రితం నా ఈజీఎఫ్‌ఆర్ (మూత్రపిండాలు రక్తాన్ని వడకట్టే వేగం) 41 అని, అంటే మూత్రపిండాల జబ్బు మూడో దశలో కూడా రెండో సగానికి చేరిందని తేలిన నాటి నుంచి, పలకరించ వచ్చినవారంతా మీ పార్టీలో చేరిపోయారు. "మీరు లేవబాకండి బావా, కిడ్నీలకు శ్రమ" అని మా బావమరిది నీళ్ల చెంబు చేతికే అందించాడు. నేను నడిస్తే కాడి మోసేది కిడ్నీలే అన్నట్టు మాట్లాడాడు, పాపం.

డాక్టరు గారు మాత్రం మీకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పారు. ఈ జబ్బు ఉన్నవారిలో డయాలసిస్ దాకా వెళ్లేవారికన్నా, ఆలోపే గుండెజబ్బుతో, రక్తనాళాల జబ్బుతో పోయేవారే ఎక్కువట. రక్తనాళం లోపలి గోడకు ఎండోథీలియం అని ఒకే కణం మందాన పొర ఉంటుంది. రక్తం జోరుగా ఒరుసుకుంటూ పారినప్పుడు ఆ పొర నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేస్తుంది, దాంతో నాళం కండరం సడలి దారి వెడల్పవుతుంది. ఈ సంగతి కనిపెట్టిన ముగ్గురికి 1998లో నోబెల్ బహుమతి ఇచ్చారు. మూత్రపిండాలు మందగిస్తే ఏడీఎంఏ అనే పదార్థం రక్తంలో పేరుకుని ఆ తయారీకి అడ్డుపడుతుంది. మరోవైపు కాల్షియం, ఫాస్ఫరస్ ధమనుల గోడల్లోకి చేరి, ఎండలో పడేసిన మోటారు పైపులా వాటిని బిరుసెక్కిస్తాయి. చురుగ్గా నడిస్తే రక్తప్రవాహం పెరిగి, ఆ ఒరిపిడికి పొర మళ్లీ పనిలోకి దిగుతుంది. ఇన్నాళ్లూ మీరు నాకిచ్చిన విశ్రాంతి దానికి నిరుద్యోగమయిందన్న మాట.

మీ పక్షాన చెప్పవలసినది కూడా దాచను. మూత్రపిండాల రోగుల చేత పన్నెండు వారాలు క్రమంగా ఏరోబిక్ వ్యాయామం చేయించి చూస్తే, సన్నని రక్తనాళాల పనితీరు మెరుగుపడింది గాని, అప్పటికే బిరుసెక్కిన పెద్ద ధమనులు అంత తొందరగా మెత్తబడలేదు. నేను పెన్నా గట్టు దాకా పోయి వస్తే 41 కాస్తా 90 అవుతుందని డాక్టరు గారు అనలేదు; వాట్సాప్‌లో అన్నారు. రక్తపరీక్షకు ముందు రోజు విపరీతంగా శ్రమపడినా, కొర్రమీను పులుసు దండిగా లాగించినా మూత్రపిండాలు వడకట్టి పారేసే క్రియాటినిన్ అనే వ్యర్థం కొంత ఎక్కువగా కనబడవచ్చని కూడా డాక్టరు గారు హెచ్చరించారు. తమరి దయవల్ల మొదటి తప్పు నేనెన్నడూ చేయలేదు. రెండోది చేశాను.

కేడీఐజీఓ అనే మూత్రపిండాల వైద్య సంస్థ 2024లో ఇచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం, గుండెకూ ఒంటికీ ఓపిక ఉన్నంతలో వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలి, అంటే వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట. ఈ మాత్రం సెలవుకే మీకు కష్టం కలుగుతుందేమోనని లెక్క కట్టి చూశాను. డయాలసిస్ గదిలో మీ అన్నగారొకరు ఉన్నారు, మీకన్నా మెత్తన. ఆయన కొలువులో చేరితే సాధారణంగా పూటకు నాలుగు గంటల చొప్పున వారానికి మూడు పూటలు, అంటే 720 నిమిషాలు కూర్చోవాలి. అక్కడ సెలవు చీటీలు చెల్లవు.

కాబట్టి రేపటి నుంచి ఉదయం ఐదున్నరకు, రోహిణీ కార్తె ఎండ నెత్తికెక్కక ముందే, రంగనాయకస్వామి గుడి దాకా నడిచి వస్తాను. మాట్లాడగలిగి పాట మాత్రం పాడలేనంత వేగం చాలన్నారు. నేను పాడకపోతే ఆ వీధిలో ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా అక్కడే ఆగి, ఏ అరుగు మీదనో కూర్చుని ఇంటికి ఫోను చేస్తాను. దాన్ని తమరి పట్ల ద్రోహంగా భావించవద్దని మనవి.

నేను లేని ఆ అరగంటకు మీ ఛార్జీ మా ఇంటి పిల్లికి అప్పగిస్తున్నాను. అది నిన్ననే బాధ్యతలు స్వీకరించి, మీ అల్లికలో రెండు పేములు తెంపింది.

ఇట్లు,
మీ విధేయుడు