‘సూపర్ బౌల్ అంతా ముందే రాసిపెట్టిన స్క్రిప్ట్’ అనేవాళ్లకు ఒక్కో మాటకీ జవాబు

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో సెమీఫైనల్స్ లాంటి కాన్ఫరెన్స్ ఫైనల్స్ అయిపోయి, ఫైనల్ అయిన సూపర్ బౌల్‌కి ఇంకా రెండు వారాలు ఉందనగా ఏటా ఒకే మెసేజ్ వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టేస్తుంది. మొదట ఇంగ్లిష్‌లో వచ్చేది, ఇప్పుడు తెలుగులో కూడా వస్తోంది. దాని సారాంశం ఇది: “ఎన్‌ఎఫ్‌ఎల్ కూడా డబ్ల్యూడబ్ల్యూఈ రెజ్లింగ్ లాంటిదే. ఫైనల్‌కి ఎవరొస్తారో ఏడాది ముందే లోగో రంగుల్లో చెప్పేస్తారు. డబ్బు తెచ్చే జట్టునే గెలిపిస్తారు. ఆఖర్లో రిఫరీతో పని కానిస్తారు. స్క్రిప్ట్ ఉంటుందని ఒక ఆటగాడే ఒప్పుకున్నాడు. మాది వినోదమేనని లీగే కోర్టులో చెప్పింది. ఇదంతా తెలియక పిచ్చి జనం రెండు వారాలు టెన్షన్ పడుతుంటారు.”

ఆ టెన్షన్ పడేవాళ్లలో నేనూ ఉన్నాను. నేనుండే టెక్సస్‌లోని ఫ్రిస్కోలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ల పిల్లలు ఈ ఆటతోనే పెరుగుతున్నారు. ఇండియాలో సోమవారం ఉదయం 5 గంటలకు మొదలయ్యే ఆ మ్యాచ్ కోసం అలారం పెట్టుకుని లేచేవాళ్లు కూడా నాకు తెలుసు. వాళ్లందరినీ వెర్రివాళ్ల కింద జమకట్టే ఈ మెసేజ్‌లో ఒక్క మాట కూడా నిలబడేది కాదు.

“లోగో రంగుల్లోనే జవాబు ఉంటుంది”

ఈ వాదన పుట్టి ఎంతో కాలం కాలేదు. 2011 నుంచి 2021 దాకా, 50వ సూపర్ బౌల్‌కి వాడిన బంగారు అంకెలు మినహాయిస్తే, లోగో దాదాపు ఒకేలా ఉండేది: వెండి రంగు ట్రోఫీ, దానితో రోమన్ అంకెలు. అప్పట్లో రంగులు చూసి జాతకం చెప్పినవాళ్లు లేరు, చెప్పడానికి రంగులే లేవు. 2022 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలిస్ ప్రాంతంలో జరిగిన 56వ సూపర్ బౌల్ నుంచి, ఆతిథ్యమిచ్చే ఊరిని గుర్తుచేసే బొమ్మలతో, రంగులతో ఆ అంకెల్ని నింపడం మొదలుపెట్టారు. ఆ ఏడాది ఫైనల్ ఆడిన బెంగాల్స్ జట్టు నారింజ రంగు కలిసిందన్నారు. మరుసటి ఏడాది లోగోలో ఎరుపు, ఆకుపచ్చ ఉన్నాయి. ఫైనల్‌కి ఎరుపు రంగు చీఫ్స్, ఆకుపచ్చ రంగు ఈగల్స్ వచ్చారు. ఇక అక్కడి నుంచి ప్రచారం ఊపందుకుంది.

58వ లోగోలో ఎరుపుతో పాటు ఊదా రంగు ఉంది. ఊదా అంటే బాల్టిమోర్ రేవెన్స్ వచ్చేసినట్టే అన్నారు. 2024 జనవరిలో రేవెన్స్ సొంత మైదానంలో చీఫ్స్ చేతిలో 17-10తో ఓడి ఇంటికి వెళ్లారు. ఫైనల్ ఆడిన చీఫ్స్‌దీ, ఫార్టీనైనర్స్‌దీ ఇద్దరిదీ ఎరుపే. అంచనా బోల్తా కొట్టింది, మెసేజ్ మాత్రం ఆగలేదు.

ఒకసారి లెక్క వేయండి. లీగ్‌లో ఉన్నవి 32 జట్లు. చీఫ్స్, పేట్రియట్స్, బిల్స్, టెక్సన్స్, ఫార్టీనైనర్స్, కార్డినల్స్, ఫాల్కన్స్, బక్కనీర్స్, జెయింట్స్: ఈ తొమ్మిదింటి రంగుల్లోనూ ఎరుపు ఉంది. దానికి నీలం కలిపితే కౌబాయ్స్, లయన్స్, కోల్ట్స్, రామ్స్, బేర్స్, ఛార్జర్స్, టైటన్స్, సీహాక్స్, బ్రాంకోస్ కూడా చేరి లీగ్‌లో సగం దాటిపోతుంది. ఏ రెండు రంగులు వేసినా ఎవరో ఒకరు కలుస్తారు.

పైగా లోగో బయటికి వచ్చేది ఫిబ్రవరిలో, సీజన్ మొదలయ్యేది సెప్టెంబర్‌లో. రంగు చూస్తే తెలిసిపోతుందనేవాళ్లు ఆగస్టులోనే రెండు జట్ల పేర్లు రాసి గ్రూపులో పెట్టాలి. నాలుగే జట్లు మిగిలిన జనవరిలో చెప్పడం ఎవరికైనా వచ్చు.

“డబ్బు తెచ్చే జట్టునే గెలిపిస్తారు”

ఈ మాట మా ఊరి వాళ్ల దగ్గర అనకూడదు. డాలస్ కౌబాయ్స్ ప్రధాన కార్యాలయం, ప్రాక్టీస్ మైదానం 2016 నుంచి ఫ్రిస్కోలోనే ఉన్నాయి. ప్రపంచంలో అత్యంత విలువైన క్రీడా జట్టుగా ఏళ్ల తరబడి లెక్కకొస్తున్నది ఆ జట్టే. దేశమంతా అభిమానులున్నారు, వాళ్ల మ్యాచ్ అంటే టీవీ వాళ్లకు పండగ. అలాంటి జట్టు చివరిసారి సూపర్ బౌల్ ఆడింది 1996 జనవరిలో. ఆ తర్వాత కాన్ఫరెన్స్ ఫైనల్ గడప కూడా తొక్కలేదు. డబ్బు కోసం కథ రాసేవాళ్లే ఉంటే, ముప్పై ఏళ్ల పాటు బంగారు బాతును గూట్లో కూర్చోబెట్టి ఊరుకుంటారా? అమెరికాలో అతి పెద్ద టీవీ మార్కెట్ న్యూయార్క్. అక్కడి జెట్స్ 1969 జనవరి తర్వాత మళ్లీ సూపర్ బౌల్ ముఖం చూడలేదు. ఇటు చూస్తే చీఫ్స్ ఊరు కాన్సస్ సిటీ జనాభా ఐదు లక్షల పైచిలుకు, గ్రీన్ బే లక్ష దాటి కొంచెం. రెండు ఊళ్లకూ ట్రోఫీలు ఉన్నాయి.

డబ్బు వదిలేసి కథే చూద్దాం అన్నా కుదరదు. డెట్రాయిట్ లయన్స్ కన్నా మంచి కథ ఎవరికి దొరుకుతుంది? ఇప్పటిదాకా ఒక్క సూపర్ బౌల్ కూడా ఆడని జట్టు అది. 2024 జనవరిలో వాళ్లు సొంత గడ్డ మీద రామ్స్‌ని 24-23తో ఓడించారు. ముప్పై రెండేళ్లలో వాళ్లకు అదే మొదటి ప్లేఆఫ్ గెలుపు. పైగా ఎదుటి జట్టు క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ప్రధాన ఆటగాడు), పన్నెండేళ్లు లయన్స్‌కే ఆడి వెళ్లిన స్టాఫర్డ్. రెండు వారాల తర్వాత కాన్ఫరెన్స్ ఫైనల్‌లో సగం ఆట అయ్యేసరికి ఫార్టీనైనర్స్ మీద 24-7 ఆధిక్యం. ఊరు ఊరంతా లేచి నిలబడింది. రెండో సగంలో మొత్తం చేజారి 34-31తో ఓడిపోయారు. అభిమానులకు ఏది ఇష్టమో చూసి రాసే రచయిత ఎవరూ ఆ రెండో సగం రాయరు.

బఫెలో బిల్స్ 1991 నుంచి 1994 దాకా వరుసగా నాలుగు సూపర్ బౌల్స్ ఆడి నాలుగూ ఓడారు. మొదటిది ఒక్క పాయింటు తేడాతో, 47 గజాల కిక్ గోల్‌పోస్ట్‌కి కుడి పక్కగా పోయి. ఆ ఊరి వాళ్లు ఇప్పటికీ ఆ కిక్ గురించి మాట్లాడుకుంటారు.

ఇక పాప్ గాయని టేలర్ స్విఫ్ట్ సంగతి. 2024 ఫిబ్రవరిలో చీఫ్స్ గెలిస్తే, ఆమె స్నేహితుడు ట్రావిస్ కెల్సీ ఆ జట్టులో ఉన్నాడు కాబట్టే గెలిపించారన్నారు. సరే, ఆమె 2025లో కూడా స్టేడియంలోనే ఉంది. ఆ ఏడాది చీఫ్స్ గెలిచి ఉంటే వరుసగా మూడోది అయ్యేది, సూపర్ బౌల్ చరిత్రలో ఎవరికీ సాధ్యం కానిది. మూడో క్వార్టర్‌లో స్కోరు ఈగల్స్ 34, చీఫ్స్ 0. చివరికి 40-22. చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్‌ని ఆరుసార్లు కింద పడేశారు.

“ఆఖర్లో రిఫరీతో పని కానిస్తారు”

రిఫరీలు తప్పులు చేస్తారు. కొన్నిసార్లు ఘోరమైన తప్పులు చేస్తారు. దీన్ని నేను కాదనను. కానీ ఈ మెసేజ్‌తో ఎప్పుడూ కలిపి పంపే రెండు వీడియోలూ చెప్పేది వేరు.

మొదటిది 2023 ఫిబ్రవరిది. రెండు నిమిషాల లోపే ఆట ఉండగా ఈగల్స్ డిఫెండర్ జేమ్స్ బ్రాడ్‌బెరీ మీద హోల్డింగ్ (ఎదుటివాణ్ని పట్టి ఆపడం) పెనాల్టీ పడింది. ఆ తర్వాత చీఫ్స్ ఫీల్డ్ గోల్ (కాలితో తన్ని చేసే గోల్) కొట్టి 38-35తో గెలిచారు. వీడియో అక్కడితో ఆపేస్తారు. మ్యాచ్ అయ్యాక బ్రాడ్‌బెరీయే విలేకరులతో తాను జెర్సీ పట్టుకు లాగిన మాట నిజమేనని, రిఫరీ చూసీ చూడనట్టు వదిలేస్తాడేమో అనుకున్నానని చెప్పాడు. ఓడిన జట్టు మనిషి తన నోటితో ఒప్పుకున్నదాన్ని కుట్ర ఎలా అంటారు?

రెండోది నిజంగా కడుపు మండే విషయం. 2019 జనవరి, న్యూ ఆర్లీన్స్, కాన్ఫరెన్స్ ఫైనల్. స్కోరు 20-20, ఇంకా రెండు నిమిషాలు కూడా లేవు. బంతి ఇంకా రాకముందే రామ్స్ డిఫెండర్, బంతి అందుకోవాల్సిన సెయింట్స్ రిసీవర్‌ని గుద్ది పడేశాడు. స్టేడియం అంతా చూసింది, తప్పు పట్టే రిఫరీ ఫ్లాగ్ మాత్రం పడలేదు. సెయింట్స్ ఓవర్‌టైమ్‌లో 26-23తో ఓడిపోయారు. అభిమానులు కోర్టుకెక్కారు. తప్పు జరిగిందని లీగ్ సెయింట్స్ కోచ్‌కి చెప్పుకుంది, ఆ డిఫెండర్‌కి జరిమానా వేసింది, మరుసటి సీజన్‌కి పాస్ ఇంటర్‌ఫియరెన్స్‌ని (బంతి అందుకోబోయేవాణ్ని ఇలా అడ్డుకోవడాన్ని) వీడియోలో రివ్యూ చేసేలా నియమం మార్చింది. తాను రాసుకున్న కథే అయితే తప్పు ఒప్పుకుని నియమం మార్చుకోవాల్సిన అవసరం ఎవరికొస్తుంది? అంత రభస చేసి ఫైనల్‌కి తెచ్చారంటున్న రామ్స్ అక్కడ ఏం చేశారు? మూడంటే మూడు పాయింట్లు. పేట్రియట్స్ 13-3తో గెలిచారు. సూపర్ బౌల్ చరిత్రలో అతి తక్కువ స్కోరు అదే. టీవీ ప్రేక్షకుల సగటు పది కోట్ల కిందికి జారింది.

“ఆటగాడే ఒప్పుకున్నాడు, కోర్టులో లీగే చెప్పింది”

ఆ ఆటగాడు ఏరియన్ ఫాస్టర్, ఒకప్పటి టెక్సన్స్ రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరుగెత్తే ఆటగాడు). 2023 మొదట్లో ఒక పాడ్‌కాస్ట్‌లో, ప్రాక్టీస్‌లో స్క్రిప్టే బట్టీ పట్టేవాళ్లం అని నవ్వుతూ జోక్ చేశాడు. ఆ ముక్క కత్తిరించి ప్రపంచమంతా తిప్పారు. అంతకు మించి అందులో ఏమీ లేదు.

కోర్టు సంగతిలో రెండు వేర్వేరు కేసుల్ని కలిపేశారు. రెండూ 2010లో తేలినవే. ఒకటి: జెర్సీలు, టోపీల వ్యాపారంలో 32 జట్లనూ ఒకే సంస్థగా చూడాలని లీగ్ వాదించింది. అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తులంతా ఏకగ్రీవంగా ఆ వాదన కొట్టేశారు. ఏ జట్టు వ్యాపారం ఆ జట్టుదే, వాటి మధ్య పోటీ ఉంది అన్నారు. అంటే ఈ మెసేజ్ చెబుతున్నదానికి పూర్తిగా వ్యతిరేకం. రెండోది: 2007లో పేట్రియట్స్ ఎదుటి జట్టు సైగల్ని వీడియో తీసిన వ్యవహారంలో ఒక జెట్స్ సీజన్ టికెట్‌దారు నష్టపరిహారం కోరాడు. టికెట్ కొన్నవాడికి మ్యాచ్ చూసే హక్కు ఉంది, అతను చూశాడు, అంతకు మించి దావాకు ఆధారం లేదని కోర్టు చెప్పింది. ఫలితాలు ముందే రాసుకోవచ్చని ఏ జడ్జీ అనలేదు. ఆ సైగల వ్యవహారంలో పేట్రియట్స్‌కి, వాళ్ల కోచ్‌కి భారీ జరిమానాలు వేసింది కూడా లీగే.

మాది వినోదమని ఒప్పుకున్నది ఆ రెజ్లింగ్ వాళ్లే. 1989లో న్యూజెర్సీ సెనేట్ ముందు అది నిజమైన పోటీ కాదని చెప్పి, క్రీడలకుండే నిబంధనల నుంచి తప్పించుకున్నారు. ఫుట్‌బాల్‌కి ఆ వెసులుబాటు లేదు. లంచంతో ఆట ఫలితాన్ని మార్చడం 1964 నుంచి అమెరికాలో కేంద్ర చట్టం కింద నేరం, ఐదేళ్ల దాకా జైలు.

అసలు ఎలా రాస్తారు?

మెసేజ్ పంపేవాళ్లు దీని జోలికే పోరు. ఈ బంతి గుండ్రంగా ఉండదు. నేల మీద పడితే ఎటు ఎగురుతుందో విసిరినవాడికే తెలియదు. లయన్స్ ఓడిన ఆ మ్యాచ్‌నే తీసుకోండి. మూడో క్వార్టర్‌లో బంతి సరిగ్గా లయన్స్ డిఫెండర్ మొహం మీదికే వచ్చింది. హెల్మెట్ ముందున్న కడ్డీలకు తగిలి పైకి లేచింది, వెనక ఉన్న ఫార్టీనైనర్స్ రిసీవర్ బ్రాండన్ అయూక్ ముందుకు దూకి అందుకున్నాడు. 51 గజాలు. మ్యాచ్ అక్కడ మలుపు తిరిగింది. ఇనుప కడ్డీకి తగిలి బంతి ఎటు పోవాలో రిహార్సల్ చేయించగలిగే మనిషి ఉంటాడా?

రెండు వారాల తర్వాత సూపర్ బౌల్‌లో అదే ఫార్టీనైనర్స్‌కి అలాంటిదే ఎదురైంది. చీఫ్స్ కొట్టిన పంట్ (బంతిని ఎదుటి జట్టుకు దూరంగా తన్నేయడం) ఫార్టీనైనర్స్ సొంత ఆటగాడి కాలికి తగిలింది. చీఫ్స్ దాన్ని అందుకుని, మరుసటి బంతికే టచ్‌డౌన్ చేశారు. తర్వాత ఫార్టీనైనర్స్ కొట్టిన ఒక ఎక్స్‌ట్రా పాయింట్ కిక్ చీఫ్స్ ఆటగాడి చేతికి తగిలి ఆగిపోయింది. మ్యాచ్ ఓవర్‌టైమ్‌లో 25-22తో ముగిసింది. ఆ రోజు డ్రె గ్రీన్‌లా అనే ఫార్టీనైనర్స్ లైన్‌బ్యాకర్ (డిఫెన్స్ ఆటగాడు) ఎవరూ తాకకుండానే, సైడ్‌లైన్ నుంచి మైదానంలోకి పరుగు తీస్తూ మడమ నరం తెగి కూలబడ్డాడు. జీవితమంతా ఎదురుచూసిన ఆట అతనికి రెండో క్వార్టర్‌లోనే అయిపోయింది. దాన్ని స్క్రిప్ట్ అనడానికి నోరెలా వస్తుందో నాకర్థం కాదు.

ఒక్కో జట్టులో 53 మంది, కోచ్‌లు, ఏడుగురు అఫీషియల్స్. జట్టు నుంచి తీసేస్తే చాలామందికి మిగతా జీతం రాదు. ఏటా ఎంతోమంది కోపంతో, చేదుతో బయటికొచ్చి పుస్తకాలు రాస్తారు, ఇంటర్వ్యూలు ఇస్తారు, లీగ్ మీద కేసులు వేస్తారు. ఇన్ని దశాబ్దాల్లో వాళ్లలో ఒక్కరు కూడా ఒక్క కాగితం బయటపెట్టలేదు.

పందేల సంగతి

ఈ అనుమానం మనవాళ్లకు ఎందుకు వెంటనే పట్టుకుంటుందో తెలుసు. 2000లో హాన్సీ క్రోన్యే వ్యవహారం, 2013లో ఐపీఎల్ స్పాట్ ఫిక్సింగ్ చూసిన తరం మనది. కానీ అవి ఎలా జరిగాయో గుర్తు తెచ్చుకోండి. ఒకరిద్దరు ఆటగాళ్లు, ఒక బుకీ, కొన్ని ఫోన్ కాల్స్. పోలీసులు ఆ ఫోన్లు వినే పట్టుకున్నారు. మోసం జరిగేది అలా చిన్నగా, చాటుగా. లీగ్ మొత్తం కూర్చుని ఫైనల్ రాయడం దానికి పెద్ద రూపం కాదు, పూర్తిగా వేరే కల్పన.

ఫుట్‌బాల్‌లో భయపడాల్సింది కూడా ఆ చిన్న మోసం గురించే. 2018లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పుతో పందేలకు చాలా రాష్ట్రాలు తలుపులు తెరిచాయి. ఇప్పుడు మ్యాచ్ మధ్యలోనే పందేల ప్రకటనలు. పందెం కాసినందుకు కాల్విన్ రిడ్లీని 2022 సీజన్ మొత్తం పక్కన పెట్టారు. మరుసటి ఏడాది ఇంకొందరిని. లీగ్‌ని నిలదీయాలనుకుంటే అడగాల్సిన ప్రశ్నలు ఉన్నాయి. రిఫరీల్లో ఎక్కువమంది ఇప్పటికీ పార్ట్‌టైమ్ ఎందుకు? సెయింట్స్ దెబ్బ తర్వాత తెచ్చిన ఆ రివ్యూ నియమాన్ని ఒక్క ఏడాదికే ఎందుకు ఎత్తేశారు? ఒక్కొక్క ఆటగాడి మీద, ఒక్కొక్క బంతి మీద పందెం కాసే వీలు ఎందుకుండాలి? ఈ మూడూ రాసి పంపండి, నేనూ పదిమందికి పంపుతాను.