జింకకి పిస్టల్ తూటా చాలుతుందా?

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో జింకల గన్ సీజన్ థాంక్స్‌గివింగ్ తర్వాతి సోమవారం మొదలై వారం రోజులు నడుస్తుంది. 30-06 లాంటి, పైన సన్నబడి మెడ తేలే రైఫిల్ తూటాలతో అక్కడ జింకని కొట్టకూడదు. 2014 దాకా పొడవు తుపాకి అంటే షాట్‌గన్‌లో వేసే స్లగ్గు (ఒకే పెద్ద సీసపు గుండు), లేదంటే మూతిలోంచి మందు కూరే మజిల్‌లోడర్. ఆ ఏడాది నుంచి కింది నుంచి పైదాకా నిటారుగా ఉండే కేసుల (మందు నింపే లోహపు గొట్టాల) తూటాలని, 357 నుంచి 50 క్యాలిబర్ (అంగుళంలో వంతులుగా చెప్పే తూటా లావు) వరకు, రైఫిల్లో కూడా వాడుకోనిచ్చారు. దాంతో రివాల్వర్ కోసం పుట్టిన 44 మ్యాగ్నమ్ లాంటివి లివర్ రైఫిళ్లలోకెక్కి (చేత్తో మీట తిప్పి తూటా ఎక్కించే రైఫిళ్లు) అడవికి వచ్చాయి. చట్టం ఒప్పుకుంది సరే, అంతటితో సరిపోతుందా అన్నదే ఇక్కడ వాదన.

వాదించేది బావ, బావమరిది. బావ ఆ రాష్ట్రంలో ఎప్పటినుంచో ఉన్నాడు, గరాజ్‌లో సీసం కరిగించి తూటాలు తనే పోసుకుంటాడు. బావమరిది హెచ్-1బీ మీద ఉన్నాడు, 350 లెజెండ్ అనే కొత్త రకం నిటారు కేసు తూటా పేల్చే రైఫిల్లో రాగి తూటా వాడతాడు. ఇద్దరూ వేటగాళ్లే కాబట్టి వేట తప్పా ఒప్పా అన్న గొడవ ఇక్కడ లేదు.

బావమరిది: బావా, మొహమాటం లేకుండా అడుగుతున్నా. మీ 44 రివాల్వర్ తూటా. మనిషి నడుముకి కట్టుకుని తిరిగే తుపాకి కోసం చేసింది. దాంతో 150 పౌండ్ల మగజింకని కొట్టడం న్యాయమేనా?

బావ: నడుముకి కట్టుకున్నదే గానీ దాన్ని తయారు చేయించిందే వేటగాళ్లు. ఎల్మర్ కీత్ అనే ఆయన 44 స్పెషల్ అనే పాత రివాల్వర్ తూటాలో మందు దట్టించి, దట్టించి, కంపెనీల వెంటపడితే 1955లో 44 మ్యాగ్నమ్ బయటికొచ్చింది. పోత సీసం తూటాకి ముక్కు ఎలా ఉండాలో కూడా ఆయనే గీసిచ్చాడు. నా అచ్చు ఆ గీతే. ఇంకా వెనక్కి పోతే, 1873 వించెస్టర్‌లో పేల్చిన 44-40 తూటానే అప్పటి కోల్ట్ రివాల్వర్లోనూ పేల్చేవాళ్లు. ఆ తూటాతో ఈ దేశంలో ఎన్ని జింకలు పడ్డాయో లెక్క తేలదు.

బావమరిది: పడ్డవాటి గురించే అందరూ చెప్తారు. గాయంతో పారిపోయి ఏ వాగు పక్కనో చచ్చినవాటి గురించి ఎవరు రాశారు? శక్తి లెక్క చూడండి. జింకకి కనీసం 1000 ఫుట్-పౌండ్ల (తూటా దెబ్బ శక్తికి కొలత) దెబ్బ తగలాలని పాతకాలం నుంచీ ఒక మాట ఉంది. మీ 240 గ్రెయిన్ల (తూటా బరువుకి కొలత) తూటా రైఫిల్ మూతి దగ్గర 1500 దాటొచ్చు. వంద గజాలకి వెయ్యి కిందికి దిగిపోతుంది.

బావ: ఆ వెయ్యి ఎవరు పెట్టారు, ఏ జింకని అడిగి పెట్టారు? ఇదే రాష్ట్రంలో విల్లు సీజన్ నెలల తరబడి ఉంది. కాంపౌండ్ విల్లు బాణం శక్తి 60, 80 ఫుట్-పౌండ్లు. రెండు ఊపిరితిత్తుల్లోంచి పోతే జింక వంద గజాలు కూడా వెళ్లదు. మరి వాళ్లని ఎందుకు అనవు?

బావమరిది: బాణానికి బ్లేడు ఉంది బావా. కోస్తుంది, రక్తం కారి పోతుంది. మీ సీసం ముద్దకి బ్లేడు ఎక్కడుంది?

బావ: అడగాల్సింది అడిగావు. ముక్కు చూడు. (అరచేతిలో ఒకటి పెట్టి చూపించాడు.) గుండ్రంగా లేదు, చదునుగా కోసేసినట్టుంది. గుండ్రటి ముక్కు కండని పక్కకి నెట్టి పోతుంది, వెనకాల మళ్లీ మూసుకుంటుంది. చదును ముక్కు ఎదురొచ్చినదాన్ని చింపుకుంటూ పోతుంది. పైగా 43 క్యాలిబర్ మందం, పదిహేనున్నర గ్రాముల బరువు. వ్యాకోచించకపోయినా రంధ్రం పెద్దదే, ఇటు దూరి అటు బయటికొస్తుంది. రెండు రంధ్రాలుంటే రక్తపు జాడ నేల మీద కనపడుతుంది, వెతకడం తేలిక. చదును ముక్కుకి ఇంకో కారణం కూడా ఉంది. లివర్ రైఫిల్ గొట్టం మ్యాగజైన్‌లో తూటాలు ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి. మొనదేలిన ముక్కైతే ముందున్న దాని ప్రైమర్‌కి (దెబ్బ తగిలితే మందు అంటించే అడుగు బిళ్లకి) ఆనుకుంటుంది, ఎదురుదెబ్బకి మ్యాగజైన్‌లోనే పేలే ప్రమాదం.

బావమరిది: సరే, దగ్గరలో పని చేస్తుందని ఒప్పుకుంటా. దూరం సంగతి? వంద గజాలకి గురి కట్టిన మీ రైఫిల్, 150 దగ్గర ఎనిమిది అంగుళాలు కిందికి కొడుతుంది. జింక గుండె, ఊపిరితిత్తుల చోటు అటూఇటూగా అంతే ఉంటుంది. అంటే మీరు గుండెకి గురిపెడితే కాళ్లకి తగలొచ్చు. నా 350 లెజెండ్‌ని 2019లో తెచ్చిందే ఇలాంటి రాష్ట్రాల కోసం. 150 దగ్గర నేను ఏమీ ఆలోచించక్కర్లేదు.

బావ: 150 దగ్గర నేను పేల్చను. అక్కడితో అయిపోయింది.

బావమరిది: అందరూ అదే అంటారు. గన్ వీక్ శనివారం సాయంత్రం, వారమంతా ఏమీ దొరక్క, పొలం అవతలి గట్టున పది కొమ్మల మగజింక నిలబడితే?

బావ: నిలబడనీ. నేను వేటాడేది ఆగ్నేయ ఒహాయో గుట్టల్లో, ఓక్ చెట్ల మధ్య. అక్కడ డెబ్భై గజాల దాకా చూపు ఆనడమే కష్టం. పొలాల గట్ల మీద కూర్చునేవాడికి నా రైఫిల్ నేను ఇవ్వను, వాడికి నీదే సరి. నా పద్ధతి ఒకటే. తొమ్మిది అంగుళాల పేపర్ ప్లేటు కట్టి, నిలబడి, మోకాలి మీద, చెట్టుకి ఆనుకుని కొడతా. ఏ దూరంలో ఒక్క గుండు ప్లేటు దాటినా, ఆ దూరం నాకు లేనట్టే. రైఫిల్‌తో అది 90 గజాలు. రివాల్వర్‌తో 40.

బావమరిది: రివాల్వర్ అనే మాట మీరే తెచ్చారు. అక్కడ మీ వాదన ఇంకా బలహీనం. ఐదు అంగుళాల గొట్టం, 357 క్యాలిబర్ ఉంటే చాలని చట్టం. 357 రివాల్వర్లో 158 గ్రెయిన్లు ఎంత ఇస్తాయి? 550 ఫుట్-పౌండ్లు. దాంతో జింక మీదికి వెళ్లేవాళ్లు ఉన్నారు.

బావ: ఉన్నారు, నేను వెళ్లను. 357ని పొడుగు గొట్టం రైఫిల్లో వేస్తే మందు పూర్తిగా కాలి వేగం బాగా పెరుగుతుంది, అప్పుడది వేరే తూటా. రివాల్వర్లో మాత్రం దాన్ని జింకకి తక్కువే అంటా. చట్టం కింద గీత గీసింది. మనం దానికి పైన ఎక్కడ నిలబడాలన్నది మన చేతిలో ఉంది.

(ఇక్కడ బావమరిది కాసేపు మాట్లాడలేదు. దూరం గురించిన వాదనలో అతనికి ఇక పట్టు లేదని నాకనిపించింది. ఆ తర్వాత అసలు చోటికి వచ్చాడు.)

బావమరిది: ఇంట్లో పోసిన తూటా మీద మీకంత నమ్మకం ఎలా? ఫ్యాక్టరీలో ప్రతిదీ ఒకే బరువు. మీది టైర్ల షాపులో అడుక్కొచ్చిన వీల్ వెయిట్లు, కారు చక్రాల తూకం కోసం అంటించే బిళ్లలు. అందులో ఏముందో ఎవరికి తెలుసు?

బావ: నాకు తెలుసు, ఎందుకంటే ఏరేది నేనే. ఇప్పుడు సీసంతో పాటు జింక్‌వీ, ఇనుమువీ కలిసొస్తున్నాయి. సీసం 327 డిగ్రీల సెల్సియస్‌కి కరుగుతుంది, జింక్‌కి 419 కావాలి. కుండ వేడి 370 దాటనివ్వకపోతే జింక్ ముక్కలు కరక్కుండా పైకి తేలతాయి, గరిటెతో తీసేస్తా. కాస్త తేనెమైనం వేసి కలిపితే మురికి పైకొస్తుంది. తగరం కొంచెం కలిపితే లోహం అచ్చు మూలల్లోకి చక్కగా పారుతుంది. గట్టిదనం మరీ ఎక్కువైతే ఎముకకి తగిలి విరగొచ్చు. మరీ మెత్తనైతే గొట్టం గాళ్లలో (తూటాని తిప్పడానికి లోపల చెక్కిన మెలిక గాడుల్లో) సీసం పూసుకుపోతుంది, గురి చెడుతుంది. ఇక సైజు. గొట్టంలో గాళ్ల దగ్గర వ్యాసం కొలిచి దానికంటే అంగుళంలో వెయ్యో వంతు లావుగా ఉంచాలి. నా రైఫిల్ గొట్టం పుస్తకంలో రాసినదానికంటే కాస్త వదులు. దుకాణం తూటా అందులో సరిగ్గా కూర్చోదు, నాది కూర్చుంటుంది. ప్రతి రైఫిల్‌కీ దాని కొలత ఉంటుంది. ఫ్యాక్టరీ నీ రైఫిల్‌ని ఎప్పుడు చూసింది?

బావమరిది: ఫ్యాక్టరీ తూటా కొంటే ఇంకోటి కూడా జరుగుతుంది. దాని మీద 11 శాతం పన్ను 1937 చట్టం ప్రకారం వన్యప్రాణుల సంరక్షణకి పోతుంది. గరాజ్‌లో పోస్తే అది లేదు.

బావ: రైఫిల్ కొన్నప్పుడు కట్టా, లైసెన్సు, జింక పర్మిట్ ఏటా కడుతున్నా. నన్ను దొంగని చేయకు. నీ తుపాకి నీ చేతిలో ఉండటమే ఆ హంటింగ్ లైసెన్సు దయ, హెచ్-1బీ వాడివి.

బావమరిది: అది నిజమే, లైసెన్సు గడువు చూసుకోకపోతే నాకు టెన్షనే. (నవ్వాడు.) కానీ నేను అడగాల్సిన ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. సీసం. 2008లో నార్త్ డకోటాలో దానం చేసిన జింక మాంసంలో సీసం తునకలు కనిపించి, పేదలకి తిండి పంచే ఫుడ్ ప్యాంట్రీల్లో ఉన్న కీమా వాడొద్దన్నారు. ఆ తర్వాత అక్కడ మనుషుల రక్తం పరీక్ష చేస్తే, వేట మాంసం తినేవాళ్లలో సీసం కాస్త ఎక్కువే కనిపించింది. పిల్లలకి ఇంత వరకు పరవాలేదు అనే స్థాయే లేదని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. మీ ఇంట్లో పదేళ్ల పిల్ల ఉంది బావా.

బావ: ఆ తునకలు ఎక్కడివో చూడు. ఎక్కువగా వేగంగా పోయే, పల్చటి రాగి తొడుగు ఉన్న రైఫిల్ తూటాలవి. ఎముకకి తగలగానే దుమ్ములా చెదురుతాయి. అదే ఏడాది మిన్నెసోటా వాళ్లు గొర్రె కళేబరాల మీద కాల్చి ఎక్స్‌రే తీశారు. అలా పగిలే తూటాల కంటే షాట్‌గన్ స్లగ్గులు చాలా తక్కువ తునకలు వదిలాయి. నా తూటా కూడా స్లగ్గు లాగే బరువు, నెమ్మది. ఒకటి రెండు సార్లు చర్మం కింద ఆగిపోయినవి తీసి తూచా, బరువు దాదాపు తగ్గలేదు. పైగా గాయం చుట్టూ చేతి వెడల్పు కోసి పారేస్తా.

బావమరిది: తక్కువ అన్నారు, లేదు అనలేదు. సరే, మాంసం మీరు కోసి పారేస్తారు. ఊపిరితిత్తులు, పేగులు అడవిలో వదిలేస్తారు కదా. అవి తినేదెవరు? 2022లో సైన్స్ పత్రికలో వచ్చింది, 38 రాష్ట్రాల్లో వెయ్యికి పైగా గద్దలని పరీక్షిస్తే, తెల్లతల గద్దల్లోనూ బంగారు గద్దల్లోనూ దాదాపు సగానికి ఎముకల్లో ఏళ్ల తరబడి పేరుకున్న సీసం. వేటగాళ్లు వదిలిన కళేబరాలే పెద్ద దారి. కాలిఫోర్నియాలో కాండర్లనే పెద్ద రాబందుల లాంటి వన్యప్రాణుల కోసం 2019 నుంచి వేటలో సీసం పూర్తిగా ఆపేశారు. రాగి తూటాకి ఈ గొడవ లేదు.

బావ: రాగి సీసం కంటే తేలిక, అదే బరువు కావాలంటే తూటా పొడుగవుతుంది. నా రైఫిల్ గాళ్ల మెలిక అంత పొడుగు తూటాని తిప్పి నిలబెట్టలేదు. పైగా రాగి విచ్చుకోవాలంటే వేగం కావాలి.

బావమరిది: మీ రైఫిల్ సంగతి మీది. గద్దకి మీ గాళ్ల మెలిక ఎందుకు?

బావ: (కాస్త ఆగి) దానికి నా దగ్గర జవాబు లేదు. తునకలు తక్కువని నేనన్నది నిజం. గద్దకి ఎన్ని చాలో నాకు చేత కాదు చెప్పడం.

బావమరిది: అయితే?

బావ: తూటా మార్చను. పేగుల కుప్ప అడవిలో వదలను. బస్తాలో వేసుకుని వస్తా, ట్రాష్ ట్రక్కుకి ఇస్తా.

బావమరిది: రెండు గుట్టలు ఎక్కి దిగి మోస్తారా? జింకతో పాటు?

బావ: నువ్వు పక్కనే ఉంటావుగా, రాగి తూటాల దొరా. నువ్వు పట్టుకో ఆ బస్తా.

బావమరిది: పట్టుకుంటా. కీమా సంగతి మాత్రం ఒప్పుకోను. మీ జింకా నా జింకా ఒకే గిన్నెలో వండొద్దు.

బావ: అది మీ అక్కతో తేల్చుకో.

బావమరిది: తేల్చుకున్నా. ఫ్రీజర్‌లో పై అర నాది, అమ్మాయికి అందులోంచే వండుతుంది. కింది అర మీది, మీరూ మీ స్నేహితులూ తినడానికి.