33 అంగుళాల ముచ్చట

జీప్ రాంగ్లర్ టీజేకి (రాంగ్లర్‌లో ఒక పాత మోడల్) పెద్ద టైర్లు వేయించాలన్న కోరిక అడవిలో పుట్టదు, పార్కింగ్‌లో పుడుతుంది. పక్కన మరెవరిదో ఎత్తైన బండి వచ్చి ఆగుతుంది. అంతవరకు నిక్షేపంలా ఉన్న సొంత బండి ఉన్నట్టుండి మోకాళ్ల మీద కూర్చున్నట్టు కనిపిస్తుంది. ఆ రాత్రికి యజమానికి నిద్ర పట్టదు.

లెక్క చూద్దాం. బండికి ఉన్న 225/75ఆర్15 టైరు ఎత్తు 28.3 అంగుళాలు. వేయించబోయేది 33. తేడా 4.7 అంగుళాలు కదా అని మురిసిపోతారు గానీ, యాక్సిల్ లేచేది అందులో సగమే. మిగతా సగం చక్రం నడిమధ్య నుంచి పైకి పెరుగుతుంది. కింది సగం గౌరవం, పై సగం గొడవ.

"స్ప్రింగులు మార్చకుండా వేస్తే తగుల్తుంది సార్," అంటాడు మెకానిక్.

"ఎక్కడ తగుల్తుంది?"

"ఎక్కడ తగలదో అడగండి సార్, తొందరగా చెప్పేస్తా."

యజమాని నమ్మడు. టైర్లు బిగించి, చదును నేల మీద స్టీరింగ్ అటూ ఇటూ తిప్పి, "చూశావా, ఎక్కడా తగల్లేదు" అంటాడు. చదును నేల మీద ఏ టైరైనా బుద్ధిమంతుడే. అసలు పరీక్ష వేరు. బండిని ఛాసిస్ దగ్గర స్టాండ్ల మీద నిలబెట్టి, కాయిల్ స్ప్రింగులు ఊడదీసి, షాకుల కింది బోల్టులు విప్పి, జాకీతో యాక్సిల్‌ని బంప్ స్టాప్ (యాక్సిల్ ఇంకా పైకి పోకుండా ఆపే దిమ్మ) తగిలేదాకా ఎత్తాలి. ఒకసారి రెండు వైపులా, ఒకసారి ఒక పక్క పైకి, రెండో పక్క కిందికి. ప్రతిసారీ స్టీరింగ్‌ని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తిప్పాలి. బ్రేకు గొట్టాలు లాగేసుకుంటున్నాయేమో కూడా అప్పుడే తెలుస్తుంది. ఇదంతా ఒక పూట పని. ఎవరూ చెయ్యరు. మొదటి గుంతలో ఫెండర్ ఫ్లేర్, అంటే చక్రం మీది గొడుగు అంచు, ఊడి పడ్డాక చేస్తారు.

కంపెనీ రిమ్ములతోనైతే ముందు టైరు లోపలి అంచు కింది కంట్రోల్ ఆర్మ్‌ని, అంటే యాక్సిల్‌ని ఛాసిస్‌కి కలిపే కడ్డీని, గీకుతుంది. స్టీరింగ్ స్టాప్ బోల్టుల కింద వాషర్లు వేస్తే గీకుడు ఆగుతుంది, దాంతోపాటు బండి తిరగడమూ తగ్గుతుంది. ఇదివరకు ఒక్క తిప్పులో వచ్చే మలుపుకి ముందుకీ వెనక్కీ మూడుసార్లు ఆడాలి. అది నచ్చకపోతే టైరుని బయటికి జరిపే రిమ్ములు, అంటే బ్యాక్ స్పేసింగ్ (బోల్టులు బిగించే చోటి నుంచి రిమ్ము లోపలి అంచుకి దూరం) 4 అంగుళాల లోపు ఉన్నవి, వేసుకోవచ్చు. కంట్రోల్ ఆర్మ్ బతికిపోతుంది, ఫెండర్ వెనక అంచుకి చావొస్తుంది. బరువు బయటికి జరిగింది కాబట్టి బాల్ జాయింట్లు, వీల్ బేరింగులు కూడా తమ బాధ మొదలుపెడతాయి.

సరే, స్ప్రింగులు మార్చి బండిని 4 అంగుళాలు ఎత్తుదాం. ఈ బండికి వెనక ప్రొపెల్లర్ షాఫ్టు, అంటే వెనక యాక్సిల్‌కి బలం మోసుకెళ్లే కడ్డీ, మరీ పొట్టిది. బండి లేచేసరికి దాని కోణం నిటారై వేగంలో సీటు కింద వణుకు పుడుతుంది. చవక మందు, ట్రాన్స్‌ఫర్ కేసుని (ముందు, వెనక యాక్సిళ్లకి బలం పంచే గేరు పెట్టెని) ఒక అంగుళం కిందికి దించడం. అంటే కొనుక్కున్న ఎత్తులో ఒక అంగుళం, అదీ బండి కడుపు దగ్గర, తిరిగిచ్చేయడం. సరైన మందు స్లిప్ యోక్ (షాఫ్టు చివర జారే తొడుగు) తీసేసే కిట్టు, దానికి తోడు ఎక్కువ కోణాన్ని ఓర్చుకునే జంట కీళ్ల డబుల్ కార్డన్ షాఫ్టు. ఈ పాటికి టైర్ల ఖర్చు చిన్న ఖర్చుల పద్దులోకి జారిపోయి ఉంటుంది.

స్పీడోమీటర్ 60 చూపిస్తే బండి 70లో ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ కేసులో దాన్ని తిప్పే చిన్న ప్లాస్టిక్ గేరు తీసి, తక్కువ పళ్లున్నది వేస్తే సరిపోతుంది. అది మార్చకుండా మైలేజ్ పడిపోయిందని గోల పెట్టేవాళ్లు ముందు తమ కిలోమీటర్లని 1.17తో గుణించుకోవాలి. గుణించాక కూడా పడిపోయే ఉంటుంది, అది వేరే సంగతి.

కొన్ని బండ్లకి యాక్సిల్ గేరు నిష్పత్తి 3.07, అంటే ప్రొపెల్లర్ షాఫ్టు 3.07 సార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరుగుతుంది. పెద్ద టైరు వేశాక అది 2.63లా పనిచేస్తుంది, ఐదో గేరు అలంకారానికి మిగులుతుంది. 4.56కి మార్చడం మంచిదే, కానీ 3.07 క్యారియర్‌కి (యాక్సిల్ పెద్ద గేరుని మోసే గూడుకి) ఆ క్రౌన్ వీల్, అంటే ఆ పెద్ద గేరు, సరిపడదు, క్యారియర్ కూడా మారాలి. ముందు యాక్సిల్‌కీ అదే నిష్పత్తి వెయ్యాలి. లేకపోతే ఫోర్ వీల్ వేసిన రోజున రెండు యాక్సిళ్లూ తగువు పడతాయి, మధ్యలో ట్రాన్స్‌ఫర్ కేసు నలుగుతుంది.

ఇంతసేపూ నోరు మెదపనిది వెనక యాక్సిల్, పేరు డానా 35. అందులో చక్రాన్ని తిప్పే షాఫ్టు మందం 1.18 అంగుళాలు, చివర 27 పళ్లు. పెద్ద టైరుకి బరువూ ఎక్కువే, వ్యాసార్ధమూ ఎక్కువే. అదే రాయిని పట్టుకుని జారకుండా నిలవాలంటే షాఫ్టు మీద మెలి దాదాపు ఆరోవంతు పెరుగుతుంది. తక్కువ గేరులో బండి బలంగా లాగాలని 4.56 వేశాం కదా, ఇంజను వైపు నుంచి వచ్చే మెలి ఒకటిన్నర రెట్లయింది. ఇంజనుకి చేసిన ఉపకారమంతా షాఫ్టు నెత్తిన పడుతుంది.

అయినా నింపాదిగా ఎక్కిస్తే చాలాకాలం ఓర్చుకుంటుంది. దాన్ని చంపేది పక్కన నిలబడి "తొక్కరా, ఇంకా తొక్కు!" అని అరిచే స్నేహితుడు. చక్రం గాల్లో గిర్రున తిరుగుతుంటుంది. బండి ఎగిరి, ఆ చక్రం పొడి రాయి మీద పడి టక్కున పట్టుకుంటుంది. అంత వేగమూ ఒక్క క్షణంలో ఆగాలి, ఆపాల్సింది ఆ 27 పళ్లే. చిన్న చప్పుడు, తర్వాత ఇంజను హాయిగా తిరుగుతుంది, ప్రొపెల్లర్ షాఫ్టు తిరుగుతుంది, బండి మాత్రం కదలదు. రెండు చక్రాలకి బలం పంచే ఓపెన్ డిఫరెన్షియల్ బలాన్నంతా విరిగిన పక్కకే పారబోస్తుంది.

ఫోర్ వీల్ వేస్తే ముందు చక్రాలు లాగుతాయి, ఇంటికి పోదాం అనిపిస్తుంది. పోకూడదు. ఈ యాక్సిల్‌లో షాఫ్టుని పట్టి ఉంచేది డిఫరెన్షియల్ లోపల ఉన్న చిన్న సీ క్లిప్పు. షాఫ్టు విరిగాక బయటి ముక్కకి ఆ క్లిప్పుతో చుట్టరికం తెగిపోయింది. చక్రం, డ్రమ్ము, విరిగిన ముక్క కలిసి మెల్లగా బయటికి జరుగుతాయి. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, మలుపులో బండి ఒకవైపు, చక్రం ఒకవైపు. వెనక డిస్కు బ్రేకులుంటే కాలిపర్ కాసేపు ఆపుతుంది, కాసేపే. వెనక నుంచి చూసి ఒక టైరు రెండోదానికంటే బయటికి పొడుచుకొచ్చినా, డ్రమ్ము కింద నూనె కారినా బండిని అక్కడే ఆపి మోయించుకుపోవాలి.

మార్చడం కష్టమేం కాదు. కవరు తీసి నూనె వంపి, డిఫరెన్షియల్ మధ్యలోని క్రాస్ పిన్నుని పట్టుకున్న సన్నని బోల్టు విప్పాలి. అది విరగడంలో పేరు మోసింది కాబట్టి వేడి చేసి, ఓపిగ్గా. పిన్ను తీశాక షాఫ్టుని లోపలికి నెడితే క్లిప్పు రాలుతుంది, షాఫ్టు బయటికొస్తుంది. పిన్ను లేనప్పుడు ఎవరైనా కుతూహలంతో రెండో చక్రం తిప్పితే లోపలి చిన్న గేర్లు జారి నూనె గిన్నెలో పడతాయి, ఆ కుతూహలపరుడు ఎవరో చివరిదాకా తేలదు. ట్యూబులో ఇరుక్కున్న ముక్కని అయస్కాంతం కట్టిన కడ్డీతో లాగి, ఇనుప రజను అంతా కడిగి, 80డబ్ల్యూ-90 నూనె పోసే రంధ్రం అంచుదాకా నింపాలి. రెండో పక్క షాఫ్టు కూడా తీసి చూడాలి. పళ్ల గీతలు తిన్నగా లేక మెలి తిరిగి ఉంటే దాని రోజులు కూడా దగ్గరపడ్డట్టే.

ఇక యజమాని 1.31 అంగుళాల మందం, 30 పళ్లు ఉన్న క్రోమోలీ షాఫ్టులు, వాటికి సరిపడే లాకర్ (రెండు చక్రాలనీ కలిపి తిప్పే డిఫరెన్షియల్) తెప్పిస్తాడు. మెలిని తట్టుకునే శక్తి మందం ఘనంతో పెరుగుతుంది కాబట్టి, మెరుగైన ఉక్కు సంగతి పక్కన పెట్టినా మూడోవంతు పైనే లాభం. వెనక గట్టిపడింది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి, రాయికి చక్రం ఆనించి, "ఇప్పుడు తొక్కరా!" అంటాడు స్నేహితుడు. ముందు యాక్సిల్ డానా 30కి షాఫ్టుల చివర యూ జాయింట్లు, అంటే మడిచే కీళ్లు, ఉంటాయి. స్టీరింగ్ ఎంత మెలి తిప్పితే అవి అంత బలహీనం.