ఇంకెవరిని చేర్చాలి?

ఒడిశాలోని మా రాయగడలో చిన్ననాటి నుంచి ఎరిగినవాడే కదా అని నమ్మి ఆన్‌లైన్ గొలుసు వ్యాపారంలో 3,000 రూపాయలు కట్టాను. నాటి నుంచి సరుకు మాటే ఎత్తకుండా, ఇద్దరిని చేర్చు, వారి చేత మరో ఇద్దరేసిని చేర్పించు అని రాత్రి పదింటికి జూమ్‌లో, తెల్లవారకముందే వాట్సాప్‌లో వేధిస్తున్నారు. ఎవరిని చేర్చాలి? పిన్నినా? పక్కింటి ఒడియా మాస్టారినా? ఒక్కొక్కరు ఇద్దరిని చేర్చుకుంటూ పోతే నా కింద ఇరవయ్యో మెట్టుకే 10,48,576 మంది కావాలి, 2011 జనగణనలో మా జిల్లా జనాభాయే పది లక్షల లోపు! చివర చేరినవారి గతేమిటి? ఇలాంటి డబ్బు చలామణి పథకాలను 1978లోనే చట్టం నిషేధించింది, 2021 నాటి ప్రత్యక్ష విక్రయ (డైరెక్ట్ సెల్లింగ్) నియమాలూ కూడదన్నాయి. అయినా పెళ్లి పందిట్లో సైతం వదలరెందుకు? నిన్న నన్ను వీధి మలుపులో చూడగానే మా అత్తయ్య తలుపు వేసుకుంది. ఆ తలుపు చప్పుడు నాకింకా వినబడుతూనే ఉంది.